పదకొండు మంది, ఒక్క నంబరు

ఆ లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఆరేళ్లుగా డ్రైవర్ల వివరాలు రిజిస్టర్లో రాస్తున్నది ఆశాజ్యోతి. వాటిని గేటు పాసుల కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని మాత్రం కంప్యూటర్ చదువు చదివి, మధురవాడ నుంచి స్కూటీ మీద వచ్చే కీర్తనకు పోయింది. ఆమె చేరి రెండు నెలలే. ఈ పని చేసినవాళ్లే ఇక పాసుల ఇన్‌చార్జి అని మేనేజరు గురునాథరావు అందరి ముందూ అన్నాడు.

ఆ మాట ఆశాజ్యోతి గొంతులో చేపముల్లులా దిగబడింది.

"ఒక్కో డ్రైవరును గుర్తుపట్టే కీ ఫీల్డుగా ఫోన్ నంబరు పెడుతున్నాను సార్," అంది కీర్తన. "ఆ నంబరు ముందే ఉంటే పాత రికార్డు మీద కొత్త వివరాలు పడతాయి. లేకపోతే కొత్తది పుడుతుంది."

"చూశారా, రెండు ముక్కల్లో తేల్చేసింది!" అన్నాడు గురునాథరావు.

ఆరేళ్లలో ఆయన ఆశాజ్యోతితో ఎక్కువసార్లు అన్నది "ఫ్యాను కట్టెయ్యమ్మా" అనే.

ఫోన్ నంబరు పనికిరాదని ఆమెకు తెలుసు. మాటిమాటికీ సిమ్ములు మార్చే డ్రైవర్లు పదకొండు మంది, గేటు ఎదుట టీకొట్టు గౌసియా నంబరే రాయించారు. చెబుదామని నోరు తెరిచింది. కీర్తన జుట్టుకున్న కొత్త క్లిప్పు మెరిసింది. నోరు మూసేసుకుంది.

మర్నాడు పొద్దున్నే డ్రైవరు అప్పలరాజు వచ్చాడు, వెనక మరో తొమ్మిది మంది.

"ఆశమ్మా, గేటు కాడ నా పేరు లేదంతన్నారు! గౌసియమ్మ నంబరు కొడితే ఎల్లారావు ఒక్కడే వత్తన్నాడు. మరి నానెవర్నేటి?"

సాఫ్ట్‌వేర్‌లో ఒకరి వివరాల మీద ఒకరివి పడి, చివర ఎక్కించిన ఎల్లారావు మాత్రం మిగిలాడు.

"ఏంటమ్మా ఇది? లారీలన్నీ గేటు దగ్గరే ఆగిపోయాయి!" గురునాథరావు అరిచాడు. కీర్తన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆశాజ్యోతి రాత్రంతా కోరుకున్నది ఇదే. కానీ అప్పలరాజు ఇంకా తన మొహమే చూస్తున్నాడు, జవాబు కోసం. ఆమె లేచి రిజిస్టరు తీసింది.

"లైసెన్సు నంబరు పెట్టు. అది ఏ ఇద్దరికీ ఒకటుండదు."

గంటలో పదకొండు పేర్లూ వచ్చాయి.

"నీకు ముందే తెలుసు కదక్కా?" కీర్తన మెల్లగా అడిగింది.

"తెలుసు."

"మరి చెప్పలేదేటి?"

ఆశాజ్యోతి రిజిస్టరు మూసేసింది.

"శభాష్ కీర్తనా!" అంటూ వచ్చాడు గురునాథరావు.

"నాదేం లేదు సార్, అంతా అక్కే. ఇన్‌చార్జిగా కూడా అక్కే ఉండాలి."

ఆయన సరేనన్నాడు. కోరుకున్న కుర్చీ దక్కింది. అందులో కూర్చున్నాక, కీర్తన ఆ మాట అంత తేలిగ్గా ఎలా అనేసిందా అనుకుంది ఆశాజ్యోతి. క్లిప్పు మీదా, చదువు మీదా లేనంత కుళ్లు ఆ పెద్దమనసు మీద పుట్టింది.