తలుపులో పట్టని ట్యాంకు

మా అమ్మమ్మ జుట్టు తాతయ్యే ముడివేస్తాడు. బోల్టు బిగించినట్టు బిగిస్తాడు. ఇరవై రెండేళ్లు సైన్యంలో ట్యాంకు మెకానిక్‌గా చేసిన మనిషి మరి, చేతికి ఏది దొరికినా ఇంకో పావు చుట్టు తిప్పందే వదలడు. "నెమ్మదయ్యా, కనుబొమ్మలు నెత్తికెక్కుతున్నాయి" అని అమ్మమ్మ రోజూ మొత్తుకుంటుంది. "వదులైతే ఊడిపోతుందే" అని ఆయనా రోజూ అంటాడు. నిరుడు పక్షవాతం వచ్చి అమ్మమ్మ ఎడమ చెయ్యి పడిపోయినప్పటి నుంచి మా ఇంట్లో పొద్దు ఇలాగే మొదలవుతోంది.

ఆ చెయ్యి ఇప్పుడు భుజం దాకా లేస్తోంది. ఇంకో జానెడు లేస్తే తల మీదికి చేరుతుంది, తన ముడి తనే వేసుకుంటుంది. అంతవరకు లేపింది మా వీధి చివర ఆరోగ్య కేంద్రంలో ఉన్న వ్యాయామం గది, ఆ గదిలో ఉండే ఫిజియో మేడం. వారానికి మూడు రోజులు, పైసా తీసుకోకుండా. ఆ గదినే మూసేస్తామన్నారు! ప్రభుత్వం ఈ ఏడు కొత్త ట్యాంకులు కొంటోంది, అందుకని ఆరోగ్య కేంద్రాలకు పంపే డబ్బు సగానికి సగం కోసేసింది, మా నగర కౌన్సిల్ ఆ కోతని మోసుకొచ్చి సరిగ్గా ఆ గది నెత్తిన పెట్టింది. శుక్రవారం పదకొండింటికి కౌన్సిల్ హాల్లో ఓటు. ఎవరైనా మాట్లాడాలనుకుంటే మూడు నిమిషాలిస్తారు.

మా కాలేజీ వాళ్లం తొమ్మిది మందిమి ఒక జట్టు కట్టాం. మాలో మైకు అనేవాడున్నాడు, అసలు పేరు వాళ్లమ్మకైనా గుర్తుందో లేదో, వాడు గుసగుసలాడితే పక్క క్లాసుకి వినపడుతుంది. ఆలోచన వాడిదే.

"అట్టతో ట్యాంకు చేద్దాం! నిజం ట్యాంకులో సగమంత! తోసుకుంటూ తీసుకెళ్లి హాలు మధ్యలో, వాళ్ల కుర్చీల ముందు పెడదాం. అప్పుడు ఎలా కళ్లు తిప్పుకుంటారో చూస్తా!"

అందరం ఎగిరి గంతేశాం. ఫ్రిజ్‌లు అమ్మే షాపుల చుట్టూ తిరిగి పెద్ద పెద్ద అట్టపెట్టెలు అడిగి తెచ్చుకున్నాం. చెయ్యడానికి చోటు కావాలంటే ఫిజియో మేడం ఆ గదే ఇచ్చింది. "సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది. పొద్దున్న క్లాసు టైముకి మాత్రం గోడవారకి జరిపేయండి" అంది.

ఇంట్లో ఈ మాట చెప్పగానే తాతయ్య తినే చెయ్యి ఆగిపోయింది.

"అయితే సైన్యం మీద పడ్డారన్నమాట."

"సైన్యం మీద కాదు తాతయ్యా, ఖర్చు మీద."

"రెండూ ఒకటే."

"ఎలా ఒకటి? నీ పెన్షన్ తీసెయ్యమన్నామా?" అనేశాను. అనకుండా ఉండాల్సింది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మమ్మ మధ్యలో కూర్చుని ఆయన మాట నాకు, నా మాట ఆయనకు మోసింది. "మీ తాతయ్యకి ఉప్పు కావాలటే" అంటుంది. ఉప్పు డబ్బా ఆయన మోచేతికి తగులుతూనే ఉంటుంది.

మూడో రోజు సాయంత్రం, అమ్మమ్మ గొడుగు ఆ గదిలో మర్చిపోయిందని తీసుకెళ్లడానికి వచ్చాడు. వచ్చినవాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. మేం అప్పుడే ఆకుపచ్చ రంగు వేసి, ట్యాంకు చుట్టూ చిందులేస్తున్నాం. ఆయన ముఖం చూస్తే ఎవరో పచ్చిమిరపకాయ కొరికించినట్టుంది.

"ఏంటిది?"

"ట్యాంకు తాతగారూ!" అన్నాడు మైకు, గది అదిరేలా.

"ట్రాక్టరుకి తొండం మొలిస్తే ఇలా ఉంటుంది."

ముందు ఎవరం నవ్వలేదు. తర్వాత ఆపుకోలేకపోయాం. ఆయన మాత్రం నవ్వకుండా లోపలికొచ్చి చుట్టూ తిరిగాడు.

"నాలుగు చక్రాలా? ట్యాంకుకి? గొలుసు పట్టీలేవి? గొట్టం ఇక్కడ పెడితే మొదటి దెబ్బకి మన డ్రైవరు తలే ఎగిరిపోతుంది."

"ఇది పేలదు తాతయ్యా, అట్ట" అన్నాను.

"అట్టయితే? తప్పుగా చెయ్యొచ్చా? తిట్టదలుచుకుంటే తిట్టండి, కానీ ముందు దాన్ని సరిగ్గా చేసి తిట్టండి!"

ఇలా ఇవ్వమని మైకు చేతిలో సుద్దముక్క లాక్కున్నాడు. రాత్రి భోజనాల వేళకి ఇద్దరం కలిసి ఇంటికెళ్లాం. గొడుగు గదిలోనే ఉండిపోయింది. మర్నాడు సాయంత్రం పనిముట్ల పెట్టె చంకలో పెట్టుకుని మళ్లీ బయల్దేరాడు. ఎక్కడికని అమ్మమ్మ అడిగితే, "నీ గొడుగు కోసమే" అన్నాడు. అలా నాలుగు సాయంత్రాలు ఆ గొడుగు కోసమే వచ్చాడు!

ఆ నాలుగు సాయంత్రాల్లో నేను తాతయ్యని కొత్తగా చూశాను. పెట్టెల అట్ట ఎటు మడిస్తే నిలుస్తుందో చేత్తో తడిమి చెప్పేవాడు. "ఒరేయ్ మైకూ, గట్టిగా పట్టుకో. నోటితో కాదురా, చేత్తో." వానలో, బురదలో, ట్యాంకు కింద వెల్లకిలా పడుకుని బిగించిన బోల్టుల కథలు చెప్పాడు. తన కుడి చేతి చిటికెనవేలు చూపించాడు. కొంచెం వంకర, నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. "పట్టీ కింద నలిగింది. మిలటరీ ఆసుపత్రిలో ఒకావిడ మూడు నెలలు వంచడం, చాపడం, వంచడం, చాపడం. నేను తిట్టేవాణ్ని. ఆవిడ పాటలు పాడేది" అన్నాడు, అని మళ్లీ జిగురు రాయడంలో పడిపోయాడు.

గురువారం సాయంత్రం పైనుండే తలకాయ బిగించి, గొట్టం తగిలించాం. ఎంత బాగుందంటే, అందరం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. మైకు కూడా!

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి తొమ్మిది మందిమి తాతయ్యతో కలిసి తోశాం. ట్యాంకు సాఫీగా కదిలింది, తలుపు దాకా వెళ్లింది, ఆగిపోయింది. ముక్కు మాత్రం బయటికి పెట్టింది.

పక్కకి తిప్పాం. ఏటవాలుగా వంచాం. నిలువుగా లేపితే గొట్టం ఫ్యానుకి తగిలింది.

"ద్వారం కొలిచారుగా?" అన్నాడు తాతయ్య.

"కొలిచాం తాతగారూ, రెండు మీటర్ల ఇరవై. ఇదిగో, గోడ మీద మీ ముందే రాశాం."

"ఏ ద్వారం?"

"కౌన్సిల్ హాలుది. మూడుసార్లు కొలిచాం."

"మరి ఇది?"

దీన్ని కొలవాలని ఎవరికీ తోచలేదు. నిజంగా, తొమ్మిది మందికి తొమ్మిది మందీ డిగ్రీ చదువుతున్నాం!

"నువ్వైనా కొలవలేదా తాతయ్యా?" అన్నాను.

"ఇచ్చిన కొలతకి పని చెయ్యడమే నాకు అలవాటు" అన్నాడు, ముఖం పక్కకి తిప్పుకుని.

ఇంతలో క్లాసు వాళ్లు రావడం మొదలుపెట్టారు. కర్ర పట్టుకుని ఒకాయన, కూతురి భుజం పట్టుకుని ఒకావిడ, మొత్తం ఏడుగురు, చివర మా అమ్మమ్మ. తలుపుకి ట్యాంకు అడ్డం. అంతకంటే ఇరుకైన వెనక తలుపులోంచి లోపలికొస్తే నిలబడే చోటు లేదు.

"మా బెంచీ ఏదే?" అంది అమ్మమ్మ.

"ట్యాంకు వెనక ఇరుక్కుంది."

"చాపలు?"

"అవీ దాని వెనకే."

"బావుంది. నా గది నిలబెట్టడానికని ట్యాంకు కట్టి, నా గదంతా దానికే ఇచ్చేశారన్నమాట." నవ్వింది, ఆ ఒక వైపు నవ్వే నవ్వు. మాకు మాత్రం నవ్వు రాలేదు. నాకైతే ఏడుపొచ్చింది. పదిన్నరకి బయల్దేరకపోతే ఓటు అయిపోతుంది, సోమవారానికి ఈ గదికి తాళం.

తాతయ్య స్క్రూడ్రైవర్ తీసి తలుపు బందుల మీద పడ్డాడు. "చట్రం ఊడదీస్తే పడుతుంది."

"నా తలుపు మీద చెయ్యి వేస్తే ఊరుకునేది లేదు" అంటూ ఫిజియో మేడం వచ్చింది. ట్యాంకుని చూసింది, గడియారం చూసింది, అల్మారా తెరిచి రేకు డబ్బా తీసింది. అందులో కత్తెరలు. వేళ్లకి బలం రావాలని వీళ్లచేత రోజూ పాత పేపర్లు కత్తిరిస్తుంది ఆవిడ.

"ఇవాళ్టి క్లాసు ఇదే. అందరూ తలా ఒకటి తీసుకోండి."

"కోస్తారా? నాలుగు రోజుల పని మేడం!" తాతయ్య ట్యాంకుకి అడ్డంగా నిలబడ్డాడు.

"నా చెయ్యి ఏడాది పనయ్యా" అంది అమ్మమ్మ.

తాతయ్య పక్కకి జరిగాడు. తర్వాత సుద్దముక్క తీసి, తన ట్యాంకు మీద తనే గీతలు గీశాడు. "ఇక్కడ కొయ్యండి. ఇలా కోస్తే మళ్లీ అతుకుతుంది. ఆగండాగండి, నంబర్లు వేస్తా."

ఏడుగురు ముసలివాళ్లు ట్యాంకు చుట్టూ చేరి కటకటా కొయ్యడం మొదలుపెట్టారు. అమ్మమ్మకి గొట్టం వచ్చింది. అది కట్టిన తాడు కాస్త ఎత్తులో ఉంది. కత్తెర ఎడమ చేత్తోనే పట్టుకోవాలని మేడం షరతు. చెయ్యి వణుకుతూ భుజం దాకా వచ్చి ఆగింది. తాతయ్య సాయానికి రెండుసార్లు చెయ్యి చాపి, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాడు. అమ్మమ్మ పళ్లు బిగించింది. చెయ్యి కదిలింది. భుజం దాటింది! తాడు తెగింది, గొట్టం దభీమని తాతయ్య కాలి మీద పడింది.

"చూశావా?" అంది అమ్మమ్మ ఊపిరి తీసుకుంటూ.

ఆయన నేల మీద కూర్చుండిపోయి కాలు రుద్దుకున్నాడు. కాలు నొప్పికి అలా కళ్లు తుడుచుకుంటారా ఎవరైనా!

పదిన్నరకి అందరం ముక్కలు నెత్తిన పెట్టుకుని బయల్దేరాం. సన్నగా చినుకులు పడ్డాయి, ట్యాంకు తలకాయ కింద నలుగురు తలదాచుకున్నారు. అమ్మమ్మ గొడుగు, మీరు నమ్మరు, ఇంకా గదిలోనే ఉంది.

హాల్లో మా వంతు వచ్చింది. మూడు నిమిషాలు. నా చేతిలో నాలుగు పేజీల ఉపన్యాసం. కానీ ముక్కలు అతకాలి కదా! "ఒకటి! రెండు! ఏడు ఇటు కాదురా మైకూ!" తాతయ్య అరుపులకి కౌన్సిలర్లు కుర్చీల్లోంచి లేచి మరీ చూశారు. ట్యాంకు నిలబడేసరికి అధ్యక్షురాలు గడియారం చూసి, "ఇంకా ఇరవై సెకన్లున్నాయమ్మా" అంది.

నేను పేజీలు అటూ ఇటూ తిప్పాను. నాలుగు పేజీల్లో ఏ వాక్యం చదవాలి? అప్పుడు తాతయ్య నా పక్కకొచ్చి చిటికెనవేలు పైకెత్తాడు.

"అమ్మా, ఇది ట్యాంకు కింద నలిగింది. మళ్లీ వంగేలా చేసింది ట్యాంకు కాదు. ఇలాంటి గదిలో ఇలాంటి ఒకావిడ." గంట మోగింది. ఆయన ఆగలేదు. "నాకు ఆ గది సైన్యం ఇచ్చింది. నా భార్య సైన్యంలో చెయ్యలేదు, అంతే తేడా."

గది ఉంచాలని ఎనిమిది చేతులు లేచాయి, ఏడు లేవలేదు. గది ఈ ఏడాదికి ఉంటుంది. ఈ ఏడాదికే! వచ్చే ఏడు మళ్లీ ఇదే హాలు, ఇదే మూడు నిమిషాలు, ఇంకెన్ని ట్యాంకులు కొంటారో తెలీదు. అయినా మైకు వేసిన కేకకి బయట పావురాలు లేచిపోయాయి.

రెండు నెలలు గడిచాయి. నిన్న పొద్దున్న అమ్మమ్మ అద్దం ముందు కూర్చుని తన ముడి తనే వేసుకుంది. ఎడమ చెవి వైపు ఒరిగిపోయిన చిన్న ముడి. తాతయ్య వెనక నిలబడి చూశాడు, వేళ్లు ఊరికే కదులుతున్నాయి.

"వదులుగా ఉందే."

"ఉండనీ."

"ఊడిపోతుంది."

"ఊడితే మళ్లీ వేసుకుంటాను. నాకిప్పుడు చెయ్యుంది."

ఆయన ఖాళీ చేతులు వెనక్కి కట్టుకుని నా గదిలోకి వచ్చాడు. కాసేపు నా పుస్తకాలు సర్దినట్టు నటించాడు.

"వచ్చే ఏటికి ఏం అనుకుంటున్నారు మీ జట్టు?"

"ఇంకా ఏం అనుకోలేదు తాతయ్యా. మైకు యుద్ధ విమానం అంటున్నాడు."

"విమానమా?" జేబులోంచి టేపు తీసి, నన్ను దాటుకుని వెళ్లి, నా గది తలుపు కొలవడం మొదలుపెట్టాడు.