మూత తీసి ఇచ్చే కొట్టు

రండి, దగ్గరగా జరిగి కూర్చోండి, ఆ గుసగుసలు కట్టిపెట్టండి. చావుబతుకుల్లో ఉన్న బావకి, అడిగిన బర్బన్ అనే అరుదైన విస్కీ ఒక్క గుక్కయినా తాగిస్తానని ఒక ప్లంబరు మాటిచ్చాడు. ఊరంతా దాన్ని పదింతల ధరకి అమ్ముతున్నారు. అసలు ధరకిచ్చే కొట్టు ఒక్కటే. కొన్నవాళ్లు బయట అమ్ముకోకుండా కొట్టాయన తన చేత్తోనే సీసా మూత తీసి ఇస్తాడు. అక్కడి క్యూ ఎంత పొడవంటే, కుర్రాళ్లుగా నిలబడ్డవాళ్లు తాతలై కౌంటరు చేరతారు.

ప్లంబరు వంతు వచ్చేసరికి అక్క ఫోను చేసింది.

"ఇంక తొందరేం లేదురా తమ్ముడూ. మీ బావ పోయారు."

ప్లంబరుకి ఏడుపు రాలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మా బావ కోసం వచ్చానండీ. ఇప్పుడే పోయాడట," అన్నాడు.

కొట్టాయన చెయ్యి మూత మీదే ఆగింది. "మరి తీయమంటారా?"

"తీసెయ్యండి," అన్నాడు ప్లంబరు, పాత కుళాయి గురించి చెప్పినట్టు.

వెనకున్నాయన భుజం తట్టాడు. "అయ్యో పాపం! మరి క్యూలో మీ బావగారి కోసం పట్టిన చోటు ఖాళీయేగా, నేను ముందుకి జరగనా?"