రత్నాలు బరువు

పెదబయలు పైన కొండమీది ఆశ్రమ పాఠశాలలో రత్నాలు పదకొండేళ్ళుగా వంట చేస్తోంది. చీకటుండగానే లేచి రాగి జావ కాచేది, నూట ఇరవై మందికి అన్నం వండేది, గరిట చేతిలో ఉండగానే పిల్లల తగువులు తీర్చేది. తమ్ముడు పోయాక ఆమె మాట తగ్గింది, తర్వాత నిద్ర తగ్గింది. ఆ తర్వాత బరువెక్కడం మొదలైంది.

మనిషి చూస్తే ఎముకల గూడే. కూర్చుంటే మాత్రం మంచం పట్టె విరిగింది, గుమ్మం దగ్గర మట్టి కుంగింది. మొగుడు సుక్రు మంచానికి కొత్త పట్టె వేశాడు, గుమ్మంలో రాయి పరిచాడు. ఇంకేం చెయ్యాలో పాపం అతనికీ తెలీదు.

నర్సు సుజానా టీకాలకి వచ్చినప్పుడు రత్నాలు నోరు విప్పింది.

"ఒల్లంతా బరువుగున్నాదమ్మా."

సుజానా ఆమెని కాటా ఎక్కించింది. ముల్లు చివరిదాకా పోయి ఆగింది. "మంచిదే కదా! పోయిన్నెల నలభై కూడా లేవు. నేనిచ్చిన బలం బిళ్ళలు బాగా పట్టాయి," అని కార్డులో రాసుకుంది. అంత కష్టపడి చెప్పిన ఒక్క మాటా అలా కాటాకెక్కిపోయింది.

మరుసటి నెల వచ్చినప్పుడు రత్నాలు కళ్ళు చూసి సుజానా సుక్రుని పక్కకి పిలిచింది. "నాదే పొరపాటు. ఇది మనసు జబ్బు. వాల్తేరు తీసుకెళ్ళు, మందులతో తగ్గుతుంది."

ఎవరైనా విన్నారేమోనని సుక్రు చుట్టూ చూశాడు. ఆ కొండల్లో వాల్తేరంటే ఊరి పేరు కాదు, పిచ్చాసుపత్రి. ఆ మాట బయటికొస్తే ఆమె చేతి కూడు పిల్లల్ని ఎవరు తిననిస్తారు? ఆ పనీ పోతే రత్నాలుకి ఇంకేం మిగులుతుంది?

సంతరోజు వాల్తేరు పోదామని మొగుడూ పెళ్ళాలిద్దరూ పాడేరు జీపెక్కారు.

"ఎక్కడికి సుక్రూ?" అన్నాడు డ్రైవరు సర్వేశ్వరరావు.

"కంటాసుపత్రికి."

వెనక టైర్లు కుంగాయి.

"ఎవులికి?"

"నాకే."

ఇంకాస్త కుంగాయి. కొండ ఎక్కుడు మొదట్లో ఇంజను ఆగిపోతే రత్నాలు తప్ప అందరూ దిగి తోశారు. బండి కదల్లేదు.

"అసలేటి జబ్బు? నిజం సెప్పు, దాన్ని బట్టి బండి నడపాల," అన్నాడు సర్వేశ్వరరావు జాలిగానే.

తోసేవాళ్ళలో బడి వాచ్‌మన్ ఉన్నాడు. సుక్రు అతన్ని చూశాడు. "కళ్ళు మసకలు. అంతే."

రత్నాలు మొగుడి వైపు ఒకసారి చూసి తనే దిగిపోయింది. జీపు చెంగున ఎక్కుడెక్కేసింది. ఆమె ఇంటివైపు అడుగెయ్యబోయింది. కాళ్ళు మోకాళ్ళదాకా దిగబడిపోయాయి.

ఇప్పటికీ అక్కడే ఉంది. సుక్రు పైన టార్పాలిన్ కట్టాడు, మూడు పూటలా జావ తాగిస్తాడు. ఎవరూ ఆమెని పిచ్చిదనలేదు. పనికి రావడం లేదు గనక ఆమె చోట అప్పలనర్సమ్మని పెట్టుకున్నారు, అంతే. వచ్చిన ప్రతి జీపుకీ సుక్రు ఎదురెళ్ళి, "వాల్తేరు బాబూ, వాల్తేరు! మా ఆడదానికి మనసు బాగోలేదు," అని గొంతు చించుకుంటాడు. పాపం వాళ్ళూ దిగి తలో చెయ్యీ వేస్తారు. ఆమె కదలదు.