విన్యాసాల విమానంలో నా ఉద్యోగం

నేను ఒక హారన్‌ని. రోడ్డు మీద మోగేదాన్ని కాను. నాలుగు ఇంజన్ల సైనిక రవాణా విమానంలో, పైలట్ల తలల వెనక బిగించినదాన్ని. రెక్కల మీద గాలి పట్టు తప్పబోతున్నదంటే అరవడం నా ఉద్యోగం. వెంటనే ముక్కు దించి వేగం పెంచుకోవడం వినేవారి ఉద్యోగం. ఇందులో నమ్మకాలతో నిమిత్తం లేదు. ఉన్నది లెక్క మాత్రమే.

మొదటి పదేళ్లలో నేను అరిచింది రెండుసార్లు. రెండుసార్లూ విన్నారు. ఆ తరువాత విమానం వింగ్ కమాండర్ భుజంగరావు గారి చేతికి వచ్చింది. లారీలనూ బియ్యం బస్తాలనూ మోయడానికి పుట్టిన ఆ భారీకాయాన్ని ఏటా వైమానిక ప్రదర్శనలో పిచ్చుకలా తిప్పడం ఆయన కీర్తికి మూలం. విమానం పక్కకు ఒరిగేకొద్దీ రెక్కల మీద భారం పెరుగుతుంది. నేను అరిచేదాన్ని. కింద జనం చప్పట్లు కొట్టేవారు. ఈ రెండు చప్పుళ్లలో ఆయన దేనికి విలువ ఇచ్చేవారో చెప్పనక్కరలేదు.

క్రమంగా ఆ బృందంలో ఒక ఆచారం స్థిరపడింది. నేను మోగితేనే మలుపు సరిగ్గా కుదిరినట్టు. మోగకపోతే విమానాన్ని ఇంకాస్త ఒంచేవారు. ప్రమాద సూచికను ప్రతిభకు కొలబద్దగా మార్చుకున్న ఆ మేధస్సుకు నేను నేటికీ ఆశ్చర్యపడుతూనే ఉన్నాను.

కొత్తగా వచ్చిన కో-పైలట్ మృణాళిని మొదటి రోజే నా సంగతి అడిగింది. ఆయన నవ్వి, "షోలో అది మామూలేనమ్మా. తాళం అనుకో," అన్నారు. వెనక కూర్చున్న ముగ్గురు సిబ్బందీ నవ్వారు.

ప్రదర్శనకు ముందురోజు రిహార్సల్. ఎత్తు ఎనిమిది వందల అడుగులు. మూడో మలుపులో నేను మోగాను. ఆయన ఇంకా ఒంచారు. విమానం వణికింది.

"సర్, ముక్కు దించండి."

"ఆగమ్మా, అయిపోవచ్చింది."

"అయిపోయేది మనం, సర్. వదలండి."

ఆమె రెండు చేతులతో కంట్రోలును ముందుకు తోసి, రెక్కలను సమం చేసింది. చెట్ల కొమ్మలు లెక్కపెట్టగలిగినంత కిందికి దిగి, అప్పుడు తేరుకుంది విమానం. ఐదుగురూ బతికారు.

నేల మీదికి వచ్చాక ఎవరూ మాట్లాడలేదు. విచారణలో మాత్రం బాగా మాట్లాడారు. ఆజ్ఞ మీరినందుకు ఆమెను బృందం నుంచి తప్పించారు. అకారణంగా మోగానని నన్ను ఊడదీశారు. నన్ను పరీక్షించిన టెక్నీషియన్ లోపమేమీ లేదని రాశాడు. ఆ కాగితాన్ని ఎవరూ చదవలేదు. భుజంగరావు గారికి మరుసటి ఏడు సన్మానం జరిగింది.

మృణాళిని ఇప్పుడు శిక్షణ పాఠశాలలో బోధకురాలు. నన్ను స్టోరు నుంచి అడిగి తెచ్చుకుని తన బల్ల కింద బిగించుకుంది. కొత్త బ్యాచ్ వచ్చిన రోజున అందరినీ నమూనా కంట్రోళ్ల ముందు కూర్చోబెట్టి, పాఠం మధ్యలో చెప్పకుండా నన్ను మోగిస్తుంది. మొన్న ఇరవై మందీ ఉలిక్కిపడ్డారు, కొందరు నవ్వారు. ముగ్గురి చేతులు మాత్రమే కంట్రోలును ముందుకు తోశాయి. ఆ ముగ్గురికీ ఇక ఈ పాఠం అక్కరలేదని ఆమె పంపించేసింది. తక్కిన పదిహేడు మందినీ, నన్ను మళ్లీ మళ్లీ మోగిస్తూ, సాయంత్రం దాకా కుర్చీల్లోంచి లేవనివ్వలేదు.