ఆగిన బండి నా పూచీ

నేను ఒక బ్రేకు డ్రమ్ముని. చక్రం వెనక నక్కి దుమ్ము తినే జాతి నాది. ఇనుము కరిగించి అచ్చులో పోసి, లేతు మిషను మీద నునుపు తేల్చి, ఒక తెల్లకారు వెనక చక్రానికి తగిలించారు. నా కడుపులో వంకీ తిరిగిన రెండు ఇనపబద్దలు ఉంటాయి, వాటిని షూలు అంటారు. పెడల్ తొక్కితే అవి విచ్చుకుని నన్ను లోపలినుంచి అదుముతాయి, చక్రం ఆగుతుంది. హ్యాండ్ బ్రేకు లాగినా అంతే. దాని కేబులు వచ్చి చేరేది కూడా ఆ షూలకే. ఎత్తు మీద నిలిపిన కారు వెనక్కి జారలేదంటే అది నా చలవ. ఆ సంగతి ఎవడికీ పట్టదు, అదే నా మంట!

మొదటి యజమాని ఒక లెక్కల మాస్టారు. హ్యాండ్ బ్రేకు దించకుండా బజారంతా తిరిగి, ఏదో మాడు వాసన వస్తోంది, ఏ హోటల్లోనో దోసె కాబోలు అనేవాడు. మాడింది నేను మహానుభావా!

ఆయన దగ్గర్నుంచి ఆ కారుని శృంగవరపుకోట సన్నిబాబు కొన్నాడు. అరకు ఘాట్‌లో ట్యాక్సీ తిప్పేవాడు. సంతరోజున భార్య నూకరత్నం కూడా ఎక్కేది. కొండమీద అల్లం, పసుపు కొని శృంగవరపుకోటలో అమ్ముకునేది. అలా ఉండగా ఇరుసు దగ్గర ఆయిల్ సీలు చిరిగి నూనె నా కడుపులోకి కారింది. నూనెలో నానిన షూలు పట్టమంటే ఏం పడతాయి? ఆ సీలు మార్చి ఊరుకుంటే పోయేది. కానీ సన్నిబాబు ట్యాక్సీ స్టాండులో ఎవడి కారుకో వెనక కూడా డిస్కు బ్రేకులు చూశాడు. ఇక ఆగుతాడా! డ్రమ్ములు పాతకాలం సరుకట, నేను దండగట!

మెకానిక్ డానియేలు తుక్కులోంచి డిస్కులు తెచ్చాడు. అవి వేరే కారు ముందు చక్రాలవి.

"వీటికి హ్యాండ్ బ్రేకు కేబులు తగిలించడానికి సోటు లేదు బావా. వెనక చక్రాలవి దొరికేదాకా ఆగు" అన్నాడు.

"ఆగడాలు నాకాడ లేవు. గేరులో ఎట్టి, టైరు కింద రాయి ఎడతాను. సరిపోద్ది."

నూకరత్నం మండిపడింది. "కొండ మీద బండి తోలీవోడివి, సేతిబ్రేకు లేకుండా ఏటి సేస్తావు? నీకు మతిగాని పోనాదా?"

"బండి సంగతి నీకేటి తెలుసు?"

నోరు లేదు గానీ, ఉంటే ఆ క్షణాన వాణ్ణి కడిగేసేదాన్ని. నన్ను పీకి డిక్కీలో పడేశారు. కేబులుని బండి కింద తీగతో కట్టేశారు. లోపల సీటు పక్కనుండే హ్యాండ్ బ్రేకు లివరు మాత్రం అలాగే ఉంచారు. కొత్త డిస్కులకు దిష్టి తీసి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. నిజం చెప్పుకోవాలి, పరుగెత్తే బండిని ఆపడంలో డిస్కు నాకన్నా మొనగాడే. మరి ఆగిన బండి మాటేమిటి?

మరుసటి సంతరోజున కొండెక్కుతూ, అనంతగిరి దాటాక ఎత్తు మీద టీకోసం ఆపాడు. నూకరత్నం వెనక సీట్లో కునుకు తీస్తోంది. సన్నిబాబు చెయ్యి పాత అలవాటు కొద్దీ లివరు లాగింది. కటకటమని చప్పుడైంది. అన్నాళ్లూ ఆ చప్పుడు వింటే బండి నిలబడ్డట్టే లెక్క. గేరూ వెయ్యలేదు, రాయీ పెట్టలేదు, దర్జాగా దిగిపోయాడు. లివరుకి అవతల ఏమీ లేదురా మూర్ఖుడా అని డిక్కీలో కుతకుతలాడిపోయాను.

కారు కదిలింది. మెల్లగా, తర్వాత జోరుగా. వెనక మలుపు, మలుపు కింద లోయ.

"ఓలమ్మో!" అంటూ నూకరత్నం ముందు సీటు మీంచి దూకింది. లివరు లాగింది, ఏమీ లేదు. డ్రైవింగ్ రాని మనిషి, కిందికి వంగి ఏ పెడల్ అయితే ఏమిటని రెండు చేతులతో దొరికినదల్లా నొక్కింది. డిస్కులు కరుచుకున్నాయి. మలుపు అంచున కారు ఆగింది. ఆమె చేతులు వదిలితే మళ్లీ కదులుతుంది.

సన్నిబాబు గ్లాసు పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"రాయి ఏదే? ఇక్కడ రాయే లేదు!"

"నీ జిమ్మడ! డిక్కీలో డ్రమ్ముంది, తీసి టైరు ఎనకాల ఎట్టు! సేతులు జారిపోతన్నాయి!"

కారుకీ లోయకీ మధ్య నిలబడి, నన్ను తీసి టైరు వెనక కుక్కాడు. నూకరత్నం చేతులు వదిలింది. బరువంతా నా మీద పడింది. నేను కదల్లేదు. పాతకాలం సరుకుని కదా!

ఆమె దిగి, మొగుడి చెంప మీద ఒక్కటిచ్చింది. "దీన్ని మళ్లీ సక్రానికి బిగించీదాకా ఈ బండి నానెక్కను" అని అల్లం కోసం తెచ్చుకున్న ఖాళీ బస్తా భుజాన వేసుకుని నడక సాగించింది.

బిగించాడా? లేదు! నాకు ఎర్రరంగు పూశాడు. ఎక్కడ ఆపినా టైరు వెనక నన్ను దోపి, ఇదే నా హ్యాండ్ బ్రేకు అని ప్రయాణికులతో ఇకిలిస్తాడు. చక్రంలో ఉండవలసినదాన్ని చక్రం కింద పడి ఉన్నాను.

నూకరత్నం ఇప్పుడు సంతకి బస్సులో వెళ్తోంది. ఆ బస్సు దారిపక్కన ఆగి ఉన్న మమ్మల్ని దాటేటప్పుడు కిటికీలోంచి తల బయటికి పెడుతుంది. సన్నిబాబు చెయ్యి ఊపుతాడు. ఆమె అతని ముఖం చూడదు. నేను టైరు కింద ఉన్నానో లేదో చూసుకుని తల లోపలికి తీసుకుంటుంది.