ఆదివారం మూడింటి లైను

సువార్తమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది.

కుడిచెయ్యి చెవి దాకా లేచింది. వేళ్ళు కాస్త ముడుచుకున్నాయి. కళ్ళు పెద్దవయ్యాయి, నోరు సగం తెరుచుకుంది. అక్కడితో తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. రత్నమాణిక్యం కంప్యూటర్ ముందు కదలకుండా కూర్చుంది. అంతకు ముందు క్షణం సువార్త చేతులు చెప్పిన మాట "మా ఆయన". తర్వాత ఏదో చెప్పబోయి చెయ్యెత్తింది. పది నిమిషాలైనా ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ఆఖరికి తెర నల్లబడి, లైను తెగిందని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది.

వరసగా ఇది మూడో ఆదివారం.

రత్నమాణిక్యానికి ఆరో ఏట జ్వరం తగిలి రెండు చెవులూ పోయాయి. ఇప్పుడు నలభై ఒకటి. పెళ్ళి కాలేదు. నరసాపురంలో తమ్ముడు జ్ఞానప్రకాశం ఇంట్లోనే ఉంటుంది. అతనిది లేసు వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు అల్లి ఇచ్చిన టేబుల్ క్లాతులూ, దిండు గలేబులూ విదేశాలకు పంపుతాడు. వాటికి లేబుళ్ళు కట్టడం, ప్యాకింగు లిస్టులు టైపు చెయ్యడం ఆమె పని. పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. నోటితో నాలుగు మాటలు అంటుంది గానీ, ఆ గొంతు విన్న కొత్తవాళ్ళ మొహాలు చూశాక ఇంటి బయట అనడం మానేసింది.

సువార్తమ్మ బధిరుల బడి హాస్టల్లో ఆమెకు జత. బడిలో చేతులతో మాట్లాడితే ఊరుకునేవారు కాదు. పెదవులే చూడాలి, చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. అందుకని బట్టలుతికే చప్టా దగ్గర, సబ్బు నురగ చేతులతో, ఆ ఆడపిల్లలు తమకంటూ ఒక భాష కల్పించుకున్నారు. వార్డెను గారికి ఒక గుర్తు, పురుగుల ఉప్మాకి ఒక గుర్తు, ఇంటి మీద బెంగకి ఒక గుర్తు. ఆ పిల్లలంతా తలోదిక్కూ పోయారు. ఆ భాష ఇప్పుడు మిగిలింది ఇద్దరి చేతుల్లోనే. సువార్తమ్మ మొగుడు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని చేస్తాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె అక్కడి నెట్ సెంటర్‌కి నడిచొచ్చి మూడింటికి కూర్చుంటుంది. ఇక్కడ రత్నమాణిక్యం ఆఫీసు గదిలో కెమెరా ముందు కూర్చుంటుంది. రెండు వేల ఏడులో క్రిస్మస్ వెళ్ళగానే మొదలైంది ఈ ఏర్పాటు. అంతకు ముందు ఇరవై రెండేళ్ళలో ఇద్దరూ కలుసుకున్నది రెండుసార్లు.

ఇంట్లోవాళ్ళు ఆమెను బాగానే చూసుకుంటారు. ముఖ్యమైనవన్నీ చెబుతారు. పెదనాన్న పోయినా, రేపు నీళ్ళు రాకపోయినా ఎవరో ఒకరు భుజం తట్టి చెబుతారు. ముఖ్యం కానివే చెప్పరు. అన్నాల దగ్గర అరగంట సేపు నోళ్ళు కదులుతాయి, భుజాలు కదిలేలా నవ్వుతారు. "ఏంటి?" అంటుంది.

"ఏం లేదు వదినగారూ, తర్వాత చెప్తా," అంటుంది మరదలు మధులత, ఇంకా నవ్వుతూనే.

ఆ 'తర్వాత' వచ్చినప్పుడు అరగంట కాస్తా ఒక్క ముక్కయ్యేది. "వెంకటరాజు గారబ్బాయికి పెళ్ళి కుదిరిందట." దానికి అంత నవ్వు ఎందుకో ఆమెకు తెలిసేది కాదు.

ఆ ముఖ్యం కానివన్నీ ఆమెకు ఆదివారం మూడు నుంచి నాలుగు దాకా దొరికేవి. తను చెప్పాల్సినవి మరిచిపోకుండా పనికిరాని లేబుళ్ళ వెనక రాసి పెట్టుకునేది. 'పిల్లి, లేసు బుట్టలో.' 'మధులత జాకెట్టు, కుట్టు ఊడింది, చర్చిలో.'

బొమ్మ ఎందుకు ఆగుతోందో ఆమెకు మూడో ఆదివారం గానీ తట్టలేదు. మూడు వారాల కిందట, కాలేజీలో కంప్యూటర్లు చెప్పే ఉదయభాస్కర్ మాస్టారు వచ్చి, కొత్తగా కొన్న రూటర్ పెట్టి వెళ్ళాడు. విదేశాల బయ్యర్లు నెట్ ఫోన్లో మాట్లాడుతుంటే మాట తెగిపోతోందని తమ్ముడు మొర పెట్టుకున్నాడు. రత్నమాణిక్యం అక్కడే కింద కూర్చుని లేబుళ్ళు కడుతోంది. మాస్టారికి మీసం లేదు, పాఠం చెప్పే అలవాటు కొద్దీ నోరు విప్పి మాట్లాడతాడు. ఆ ఊళ్ళో ఆమెకు అన్నిటికంటే తేలిగ్గా అందే నోరు అతనిది. ఆ సంగతి అతనికి తెలియదు. ఎప్పుడూ ఆమె వైపు తిరిగి మాట్లాడలేదు.

"ప్రకాశం గారూ, మీ లైను సన్నందండీ. అన్నీ ఒక్కసారి దూరితే అన్నీ ఇరుక్కుంటాయి. అంచేత వరస పెట్టేస్తున్నా. ఫోను మాటలు ముందు. తర్వాత మెయిళ్ళు. తర్వాత మీ ఫొటోలు. వీడియో అట్టడుగున."

"వీడియో అంటే ఏంటి మాస్టారూ?"

"సినిమా పాటలూ, ఆ చెత్తాను. మీ ఇంట్లో ఎవరు చూస్తారండీ?"

"ఎవరూ చూడరు. పిల్లలు కూడా హాస్టల్లోనేగా."

అప్పుడు ఆ మాటలు చూసింది గానీ, అవి తన గురించేనని ఆమెకు తెలియలేదు.

సోమవారం పొద్దున్న తమ్ముడి ఎదుట నిలబడింది. "వీడియో పైకి పెట్టించు. సువార్త రావట్లేదు."

జ్ఞానప్రకాశం ఏదో అన్నాడు. పెద్ద మీసం కింద మాట సగమే తెలిసింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు పెదవి కనిపించాలని మీసం పైకి కత్తిరించుకునేవాడు. ఈ ఏడాదిగా మరిచిపోయాడు. ఆమె గుర్తు చెయ్యలేదు. అర్థం కాలేదని తల అడ్డంగా ఊపితే మీసం వేలితో ఎత్తి మళ్ళీ చెప్పాడు.

"బయ్యర్ మాట తెగితే ఆర్డరు పోతుందే అక్కా. సీజను అయ్యేదాకా ఓర్చుకో. అందాకా టైపు చేసుకోండి ఇద్దరూ."

"సువార్తకి రాత రాదు."

"పదేళ్ళు చదివిందిగా?"

పదేళ్ళూ పెదవులు చూడడమే చదువు. సువార్త ఉత్తరం ఎప్పుడూ మూడు ముక్కలే. బాగున్నాను. నీవు బాగున్నావా. దేవుడు కాపాడును. ఇదంతా చెప్పాలని నోరు తెరిచింది. ఈలోగా ఫోను మోగినట్టుంది, తమ్ముడు చూపుడువేలు ఎత్తాడు. ఒక్క నిమిషం అని. ఆ వేలు ఆమెకు అలవాటే. ఒకసారి లేచిందంటే ఆ నిమిషం మళ్ళీ రాదు.

ఆ వారమంతా ఎత్తి ఉన్న ఇంకో చెయ్యి ఆమె వెంట తిరిగింది. మా ఆయన... ఏమిటి? వర్క్‌షాపులో మిషన్ల మధ్య పని. సువార్త మొగుడి సెల్లుకి ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజి కొట్టింది. ఏమైంది, అంతా క్షేమమేనా అని. రెండు రోజులకి జవాబొచ్చింది. 'ఓకే సండే.' అంతే. అది మొగుడు కొట్టాడో, నెట్ సెంటరాయన కొట్టాడో, ఓకే ఎందుకో తెలియలేదు. సండే మాత్రం తెలిసింది. ఎండలో అంత దూరం నడిచొచ్చి, డబ్బు కట్టి, రాని బొమ్మ ముందు ఎన్నాళ్ళు కూర్చుంటుంది? ఈసారీ రాకపోతే ఇక మానేస్తుంది. సువార్త మానేస్తే ఆ భాష అంతటితో సరి.

బుధవారం అరలోంచి రూటర్ పుస్తకం తీసింది. రోజుకి నాలుగు పేజీలు, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివింది. ఇరవై ఏడో పేజీలో వరస సంగతి ఉంది. పైన ఉన్నవి అన్నీ వెళ్ళాక, చోటుంటేనే కిందవి వెళతాయట. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కించినట్టే. ముందు కార్లూ జీపులూ, తర్వాత మోటారుసైకిళ్ళు. నెత్తిన గంపలున్నవాళ్ళు చోటు మిగిలితే ఎక్కుతారు, లేకపోతే గట్టు మీదే. ఆ పేజీలో గుర్తుగా లేసు దారం ముక్క పెట్టింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాయి. తమ్ముడు బయ్యర్‌కి నలభై ఫొటోలు పంపడానికి పెట్టి, లోపల నిద్రపోయాడు. మధులత హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. కువైట్‌లో నర్సుగా ఉన్న చెల్లెలితో నెట్ ఫోన్లో మాట్లాడడానికి ఆమెకు ఆదివారం మధ్యాహ్నమే తీరిక.

మూడుకి పది నిమిషాలుంది. రూటర్ అడుగున మాస్టారు పాస్‌వర్డ్ చీటీ అంటించి పోయాడు. రత్నమాణిక్యం అది చూసి కొట్టింది. నాలుగు వరసలు కనిపించాయి. ఒక్కొక్కదాని పక్కన పైకో బాణం, కిందికో బాణం. అట్టడుగున వీడియో.

మొదటి నొక్కుకి ఫొటోల పైకొచ్చింది. రెండో దానికి మెయిళ్ళ పైకి. ఇక పైన ఫోను మాటలే. తలుపు సందులోంచి మధులత కనిపిస్తోంది. కాళ్ళు కుర్చీలో పెట్టుకుని నవ్వుతోంది. ఆమె చెడ్డది కాదు. చెల్లెలి కోసం ఆమె కూడా వారమంతా చూస్తుంది. రత్నమాణిక్యానికి అది బాగా తెలుసు. తెలిసే మూడోసారి నొక్కింది.

రూటర్ దీపాలు ఆరి, మళ్ళీ వెలిగాయి.

మూడయ్యాక రెండు నిమిషాలకి సువార్తమ్మ వచ్చింది. కదిలింది! కొంగుతో మెడ తుడుచుకుంది, కుర్చీ లాక్కుంది, అన్నీ కదిలాయి. రత్నమాణిక్యం పలకరింపు కూడా లేకుండా అడిగింది. మీ ఆయన. ఏమిటి?

సువార్త అర్థం కానట్టు చూసింది. తర్వాత గుర్తొచ్చి చెయ్యి చెవి దాకా ఎత్తి, వేళ్ళు ముడిచి, చెవి వెనక గోక్కుంది. కోతి! వాళ్ళ ఆయన పెరట్లో స్టవ్వు పెట్టి దోసెలు పోస్తున్నాడట. కోతి వచ్చి పళ్ళెంలో మూడు దోసెలు తీసుకుని, ఆయన సైకిలు సీటు మీదే కూర్చుని, ఒక్కొక్కటీ చుట్టుకుని తిందట. ఆయన గరిటె పట్టుకుని నిలబడి చూశాడట. నాలుగోది కూడా ఆయనే వేసి ఇచ్చాడట.

ఇంతే. వారం రోజులు ఆమె గుండెల మీద కూర్చున్నది ఈ కోతి. రత్నమాణిక్యం బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. తల ఎత్తేసరికి తెర అంచున ఒక నీడ. వెనక్కి తిరిగింది. గుమ్మంలో మధులత నిలబడి ఉంది, హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. లోపలి గది వైపు చూసి అంటోంది.

"ఏమండీ! లేవండి ఓసారి. దాని గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది, ఒక్క ముక్క వినపడట్లేదు."

సువార్త తెరలోంచి దణ్ణం పెట్టింది. మధులత కూడా చేతులు జోడించి, కాసేపు ఆ ఇద్దరినీ చూసి వెళ్ళిపోయింది. రత్నమాణిక్యం చేతులు ఆగలేదు.

నాలుగింటికి బాణాలు మూడుసార్లు కిందికి నొక్కి, ఉన్నది ఉన్నట్టు పెట్టేసింది.

మరుసటి ఆదివారమూ అంతే జరిగింది. సోమవారం తమ్ముడు పిలిస్తే మాస్టారు మళ్ళీ వచ్చాడు. వరస చూశాడు, తల గోక్కున్నాడు.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయేంటండీ! ఏదీ, ఆ పుస్తకం ఇలా ఇవ్వండి."

పుస్తకం ఇరవై ఏడో పేజీ దగ్గర దానంతట అదే తెరుచుకుంది. తెల్ల దారం ముక్క. మాస్టారు దాన్ని చూశాడు. కింద బుట్టలో అదే దారం ఉండ చూశాడు. రత్నమాణిక్యం తల ఎత్తలేదు. లేబులు ముడి రెండుసార్లు వేసింది. తల ఎత్తేసరికి అతని నోరు కదులుతోంది.

"ఈ కెమెరా ఎవరు వాడతారండీ?"

"నేనే, డిజైన్లు చూపించడానికి. ఆదివారం మా అక్కా, వాళ్ళ స్నేహితురాలూ చేతులతో ఏదో మాట్లాడుకుంటారు."

"ఎన్నింటికి?"

"మూడింటికి. ఏం?"

మాస్టారు రూటర్ వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత అన్నాడు.

"ఆదివారం మూడు నుంచి నాలుగు దాకా ఊరంతా లైను మీదే ఉంటుందండీ. దానికి మనం చెయ్యగలిగింది లేదు. ఆ గంటా ఫోన్లు పెట్టుకోకండి. ఫొటోలు కూడా నాలుగు దాటాకే పంపండి."

రత్నమాణిక్యం లేచి టీ పెట్టుకొచ్చింది. ఒక్కసారి తన వైపు చూస్తే తల ఊపుదామనుకుంది. మాస్టారు కప్పు అందుకుని, "టీ బాగుందండీ ప్రకాశం గారూ," అన్నాడు. ఆమె కోసం ఆడిన అబద్ధం కూడా ఆమె తమ్ముడితోనే ఆడాడు. వెళ్ళేముందు పుస్తకం మూస్తూ, దారం ముక్క మళ్ళీ ఆ పేజీలోనే పెట్టాడు.

సాయంత్రం తమ్ముడు భుజం తట్టాడు. మీసం వేలితో ఎత్తాడు.

"ఆదివారం మూడింటికి లైను బాగోదట అక్కా. ఊరంతా అదే గొడవట. నువ్వు కూడా సువార్తని నాలుగు తర్వాత రమ్మను."

"పర్లేదు," అంది. "నాకు అలవాటే."

ఆదివారం మూడింటికి హాల్లో ల్యాప్‌టాప్ మూసి ఉంది. అవసరం లేకపోయినా ఆమె బాణం మూడుసార్లు నొక్కింది. సువార్తకి మొత్తం చెప్పింది. పంటు, దారం ముక్క, మీసం, ఊరంతా లైను మీద ఉండడం. సువార్త కడుపు పట్టుకుని నవ్వింది. ఇంకెవరికీ చెప్పడానికి లేని కథ అది. నెట్ సెంటరాయన వచ్చి సువార్త భుజం తట్టేదాకా రత్నమాణిక్యం చెబుతూనే ఉంది.

నాలుగింటికి వరస కిందికి దించి హాల్లోకి వచ్చింది. మధులత హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. చెల్లెలు ఏదో చెబుతున్నట్టుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రత్నమాణిక్యం గోడకి ఆనుకుని కాసేపు చూసింది.

"ఏంటి?" అంది.

"ఏం లేదు వదినగారూ, తర్వాత చెప్తా."

రత్నమాణిక్యం ఆఫీసు గదిలోకి వెళ్ళింది. బుట్టలోంచి పాడైన లేబులు ఒకటి తీసి, వెనక్కి తిప్పి రాసింది. 'మధులత నవ్వు. కళ్ళనీళ్ళు. ఎందుకో.' వచ్చే ఆదివారానికి అది మొదటిది.