తేదీ నొక్కితే తెల్లతెర

"నా లాప్‌టాప్‌లో బాగానే పనిసేస్తంది కదా హైమా, నీకేటి బాధ?" అన్నాడు గౌరీశంకర్. బరంపురం లంజిపల్లిలో మా చిన్న కంపెనీకి యజమాని ఆయన. నాకు ఒళ్ళు మండిపోయింది. కిడ్నీలు పాడైంది ఈయన లాప్‌టాప్‌కా?

ఊళ్ళోనే ఉన్న ఒక డయాలిసిస్ సెంటర్‌కి మేమే వెబ్‌సైట్ చేశాం. అందులో తేదీ నొక్కి స్లాట్ పట్టుకోవాలి. పొలసర నుంచి కాసులమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసింది. తేదీ నొక్కగానే తెర తెల్లబడిపోతోందట. సోమవారం ఆమె మొగుడు జగ్గన్నకి స్లాట్ దొరకలేదు. కాళ్ళు ఉబ్బిపోయాయి. గురువారం కూడా తప్పితే ఊపిరాడదు.

"పాత డొక్కు ఫోన్ల కోసం కూడా మనం పనిసెయ్యాలేటి? కొత్తది కొనుక్కోమని సెప్పు."

"మొగుణ్ణి ఆటోలో మోసుకొచ్చే మనిషికి కొత్త ఫోనా? సిగ్గుండాలి సార్!" అనేశాను. ఉద్యోగం పోతే పోయింది.

స్కూటర్ తీసి సెంటర్‌కే వెళ్ళాను. బతిమాలుకుందామని వచ్చిన కాసులమ్మ అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది. ఆన్‌లైన్‌లోనే చేసుకోమని కౌంటర్లో తరిమేశారట. ఆమె ఫోన్ తీసుకుని నా లాప్‌టాప్‌కి తగిలించాను.

పది నిమిషాల్లో తప్పు దొరికింది. తేదీ నొక్కితే పేజీ మార్చాల్సింది ఫోన్‌లోని బ్రౌజరే. కొత్త బ్రౌజర్లకు మాత్రమే తెలిసిన ఆదేశం అక్కడ రాసి ఉంది. పాత బ్రౌజర్ అది తెలియక చేతులెత్తేస్తోంది. రాసిందెవరా అని చూస్తే నా పేరే కనిపించింది. అప్పటిదాకా గౌరీశంకర్ మీద ఎగిరిన కోపమంతా నా నెత్తినే పడింది. నాలుగు ఫోన్లకీ నేను విసుక్కుంటూ ఇచ్చిన జవాబు ఒక్కటే: "మీరు తప్పు నొక్కుతన్నారమ్మా, సరిగ్గా నొక్కండి."

పాత బ్రౌజర్‌కి కూడా అర్థమయ్యేలా ఏడు లైన్లు రాసి, ఎవర్నీ అడక్కుండా సైట్‌లోకి ఎక్కించేశాను. ఫోన్ ఆమె చేతిలో పెట్టాను.

"తప్పు నాదమ్మా, మీది కాదు. ఇప్పుడు నొక్కండి. గురువారం ఒక్క స్లాటే మిగిలింది, ఎవలైనా ఎత్తుకుపోతారు."

కాసులమ్మ వేలు తెర దాకా వచ్చి ఆగింది. ఫోన్ నావైపే తోసేసింది.

"నువ్వే నొక్కమ్మా. నా సెయ్యి అచ్చిరాదు. సోమారం నా సేత్తోనే ఆయన స్లాట్ పోగొట్టీసేను."

నేనే నొక్కాను. స్లాట్ దొరికింది. ఆమె రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది. దానికన్నా నా చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది.